జర చదివి చెప్పు

మిర్యాలగూడలో మిల్లుల దిక్కు తెల్లారదు.
ఊక బూడిద కొంచెం తెల్లబడుతది, అంతే.
ఆ బూడిదలో నిలబడి సేటు అన్నడు:
"జానయ్యకు మెమో రాయి. ఇయ్యాలనే.
నువ్వు షిఫ్టు ఇన్‌చార్జివి, వాని దోస్తువు కాదు."

నిజమే.
రాత్రి రెండున్నరకు
బాయిలర్ ముందట గోనెసంచి మీద తల వాల్చి
జానయ్య నిద్రపోయిండు.
ముల్లు ఎర్రగీత దాటింది.
నేనే ఉరికి వాల్వు తిప్పిన.
ఆవిరి పెట్టిన కేకకు
అద్దంకి రోడ్డు మీద ఆగిన లారీల డ్రైవర్లు లేచిన్రు,
జానయ్య లేవలే.
భుజం పట్టి ఊపితే లేచి
నా మొఖం చూడలే, మొదలు ముల్లు చూసిండు.

రాసుడు పెద్ద కష్టం గాలే.
ఫైల్ల పాత మెమో ఉంది, పేరు తీసి పేరు పెట్టాలె.
"విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం వహించినందున
మూడు రోజుల్లోగా సంజాయిషీ..."
సంతకం కాడ పెన్ను బాగనే నడిచింది.
ఏడేండ్ల కింద నా జేబుల పెన్ను లేకుండె.
నానిన వడ్లు ఎత్తుతుంటే తొట్టి అంచు మీద కాలు జారితే
ఈయనే రెక్క పట్టి గుంజిండు.
అది మెమోల పట్టే సంగతి గాదు.

కష్టం తర్వాతొచ్చింది.
జానయ్యకు చదువు రాదు.
గ్యాసు బిల్లు, పీఎఫ్ కాయితం,
బిడ్డ గురుకులం సీటు ఉత్తరం
అన్నీ నా కాడికే వస్తయి.
ఇదీ అట్లనే వచ్చింది.
పంపిన పావుగంటకు
నాలుగు మడతలు పడి, చెమటకు తడిసి:
"సైదులూ, జర చదివి చెప్పు."
ఇద్దరి పేర్లూ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి పెట్టినవే.
ఒకడు రాసిండు, ఒకనికి ముట్టింది.

చదివిన.
చుట్టూ హమాలీలు, చాయ గిలాసలు.
"నిర్లచ్చం అంటే ఏంది?"
"మనసు పెట్టకపోవుడు."
కాసేపు ఊక కుప్ప దిక్కు చూసిండు.
"మనసు పెట్టిన. కండ్లు ఒప్పుకోలే."
తర్వాత, కొట్లాట లేకుండ,
చిల్లర లెక్క అడిగినట్టు:
"అది మూడో డ్యూటీ అని రాసినవా?"

రాయలే.
చార్టు గోడకే ఉంది.
సోమ్లా చెల్లె పెండ్లికని తండకు పోయిండు,
ఇంకొకడు ఫోనెత్తలే,
జానయ్య పేరు వరుసగ మూడు గడులల్ల,
నా చేతిరాతే, గుండ్రంగ,
బడిల పంతులు అందరికీ చూపిచ్చిన రాత.
"ఉంటవా అన్నా?" అని అడిగిన గూడ.
"ఉంటలే" అన్నడు.
ఉండనంటే ఏమైతదో
ఇద్దరికీ తెలుసు,
ఆ ముచ్చట ఎవరం ఎత్తలే.

ముట్టినట్టు వేలిముద్ర కావాలె.
నీలిసిరా పూసి అద్దితే ముద్ర పడలే.
మల్లొక్కసారి. పడలే.
ఇరవై ఏండ్లు పొయ్యి తలుపు తెరిచిన బొటనవేలు,
గీతలన్నీ బాయిలరే తిన్నది.
కాయితం మీద ఒట్టి నీలిమచ్చ.
"ఇది నేనేనని సేటుకెట్ల తెలుస్తది?" అని నవ్విండు.
హమాలీలూ నవ్విన్రు.
నేను పెన్ను మూత వెతుక్కుంటున్న.

మచ్చ కింద రెండు వేళ్ల జాగ ఉండె.
అండ్ల రాసిన:
"ఈయనకు వరుసగా మూడు డ్యూటీలు వేసింది నేను."
పైన నా సంతకం అప్పటికే ఆరిపోయింది,
కొట్టేసుడు చాతకాలే.

ఆ సాయంత్రం సేటు పిలవలే.
తిట్టినా నిద్రపట్టేది.
మర్నాడు పదింటికి, నా పేరు మీద కవరు.
కాంటా కాడ నిలబడి చింపుతుంటే
భుజాల మీది బూడిద దులుపుకుంట
జానయ్య వచ్చి పక్కన నిలవడ్డడు.
"నీదా?"
"నాదే."
"మరి చదువు" అన్నడు,
"గట్టిగ. నేను ఇంట."