చిల్లర

టోర్క్విల్‌కి నోరు పెద్దదని
ఓబన్ రేవంతా అంటుంది.
పంతొమ్మిదేళ్లుగా ఆ నోరు
దీపం కింద మాత్రం తెరుచుకోలేదు.

మూడు చలికాలాలు పంటి బిగువున లాక్కొచ్చి,
దవడ గుమ్మడిపండయ్యాక,
మరదలు ఊనా కార్లో కూలేసి తెచ్చింది.
'ఇంటికి తీసుకెళ్లేవారు' అన్న గడిలో సంతకం పెట్టి
ముందుగదిలో అల్లిక సూదులు తీసింది.

కొక్కెం దిగబడితే
తనే పెరుక్కున్న చెయ్యి
నా అరచేతిలో గిలగిల్లాడింది.
"నిద్రపుచ్చుతారా?"
"లేదు, మెలకువగానే ఉంటావు.
భయాన్ని కాసేపు ముందుగదిలో కూర్చోబెడతాం."
రోజూ నలుగురికి చెప్పే మాటే.

ఒక మిల్లీగ్రాము. ఆగాం.
ఇంకో అర.
ముందు భుజాలు దిగాయి, తర్వాత కనుబొమలు.
నీరు తీశాక పడవ
బురద మీదికి నెమ్మదిగా ఒరిగినట్టు.
తెరవమంటే తెరిచాడు.
డాక్టర్ యోలాంతా దీపం వంచింది.

రెండో పన్నుకీ మూడో పన్నుకీ మధ్య
దూది మార్చే వ్యవధిలో
వాతావరణం చెప్పినట్టు చెప్పాడు నాతో:
బడికి పళ్ల డాక్టరు వ్యాను వచ్చిన రోజు
వరసలో ముందు తనే ఉన్నాడట.
తమ్ముణ్ణి ముందుకి తోసి
పడవల షెడ్డు వెనక నక్కాడట.
రబ్బరు మాస్కు కింద ఆరేళ్ల గొంతు
అక్కడిదాకా వచ్చిందట.
"రూరి ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.
"పోయేదాకా అడగలేదు."

నా కాగితంలో ఐదు నిమిషాలకో వరస:
నాడి, రక్తపోటు, ఆక్సిజన్.
తొంభై ఎనిమిది
అని రాశాను.

పది నలభైకి లేచి కూర్చుని
"ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు.
చిన్న డబ్బాలో మూడు పళ్లు చూపించాం.
ఎవరివో అన్నట్టు చూశాడు.
ఈ మందుతో బేరం అంతే.
గంటకి గంటా పుచ్చుకుంటుంది,
చిల్లర ఇవ్వదు.
ఆ చిల్లర ఇవాళ
నా జేబులో పడింది.

"ఏమన్నా వాగానా?"
"చేపల ధర తిట్టావు."
పెదవి మొద్దుబారి సగమే నవ్వాడు.

ఊనా అతని కోటు గుండీలు పెట్టింది,
ఒకటి తప్పి, మళ్లీ మొదట్నించీ.
"మా ఆయన ఆర్నెల్లకోసారి
పిలవకుండానే వచ్చేవాడు మీ దగ్గరికి.
ఈ మనిషిదే పిరికి ప్రాణం" అంది నాతో.
తలుపు పట్టుకుని నిలబడ్డాను.
సన్నగా వాన పడుతోంది.
ఆమె భుజం ఆసరాగా అతను
ఒక్కో మెట్టూ లెక్కపెట్టి దిగాడు.
నా చెయ్యి జేబులోనే ఉంది.