నలభై రెండు చుట్లు

నయీంనగర్ హాస్టల్ల, మూడో అంతస్తు రూముల
ఆరుగురం పండుకునేటోళ్లం. ఫ్యాన్ ఒక్కటే.
"మీ లక్ష్యం చార్టు మీద రాసి
దిండు పైన గోడకు అతికించుకోండ్రి" అన్నడు కోచింగ్ సారు.
పక్క మంచం వసుంధర ఏం రాసిందో చూసి
నేనూ అదే రాసిన: డిప్యూటీ కలెక్టర్.
అక్షరాలు మాత్రం నావే, జర కుడికి ఒరిగినయి.

రెండేండ్లు ఆ చార్టు కింద పండుకున్న.
కాకతీయ రాజులు వరుస తప్పకుండ నోటికొచ్చిండ్రు,
నదుల పొడవులొచ్చినయి, రాజ్యాంగం అధికరణలొచ్చినయి.
నాకేం కావాల్నో ఏ సిలబస్‌లా లేకుండె.

మే నెలల ఒక రాత్రి ఫ్యాన్ ఆగింది.
పొద్దుగాల చూద్దామని వార్డెనమ్మ తలుపేసుకుంది.
బల్ల మీద కుర్చేసి నేనెక్కిన.
విప్పితే లోపల
మాడిన సేమియా లెక్క తీగ.
తెల్లారి క్లాసు ఎగ్గొట్టి
దాన్ని చంకల పెట్టుకొని నర్సంపేట రోడ్డుకు పోయిన,
యాకూబ్ మామ వైండింగు షాపుకు.
"మాపటికి రా" అన్నడు.
కదల్లే. పొద్దు గూకేదాక స్టూలు మీద కూసొని చూసిన.

అన్నం తినలేదన్న సంగతి
ఆరుగంటలకు యాదికొచ్చింది.
గదే. గంతకంటే పెద్ద సంగతేం జరగలే.

ఆ రాత్రి, తిరిగే ఫ్యాన్ కింద,
చార్టు పీకి వెనక దిక్కు రాసిన,
ఈసారి ఎవ్వరిదీ చూడకుండ:
పొద్దుగాల కాలింది మాపటికి తిరగాలె.
చేసిన పని చెవులకు వినరావాలె.
పైసలు తక్కువొచ్చినా అబద్ధం ఆడకుండ రావాలె.
బుధవారం బుధవారం అవ్వను
ఎంజీఎం దవాఖానకు తీస్కపోయే తీరిక ఉండాలె.
ఇన్ని రాసి, చార్టు తిప్పి చూస్తే
ముందు దిక్కున్న పెద్ద మాటల
ఇండ్ల ఒక్కటి గుడ లేదు.

బాపు నెల రోజులు మాట్లాడలే.
చిన్నమ్మ మాట్లాడింది, ఆయన వంతు గుడ కలిపి.
వసుంధరకు ములుగుల కొలువొచ్చింది.
ఫైళ్లంటే దానికి పానం;
దారం ముడేసిన కాయితాల కట్ట చూస్తే
రాగితీగ చుట్ట చూసిన నా మొఖం తీరే
దాని మొఖం వెలుగుతది.
దానికి దొరికింది. సంబురమే. కుళ్లుకోలేదంటే మాత్రం
పైన రాసుకున్న మూడో మాట తప్పినట్టు.

ఇప్పుడు షాపుల నా స్టూలు నాకుంది.
రైతులొచ్చి లోపలికి తొంగి చూస్తరు,
"మెకానిక్ లేడా బిడ్డా?" అంటరు,
నా చేతుల టెస్టు ల్యాంపు వెలుగుతుండంగనే.
ఎండకాలం మోటార్ల మీద మోటార్లు కాలుతయి.
వానలు మంచిగ పడితే మాకు పని పడిపోతది.
చెప్పుకునే మాట కాదు గని,
మబ్బు కమ్మి బజారంత మొఖమెత్తి నవ్వుతుంటే
నేను షాపు కిరాయి లెక్క చూసుకుంట.

చార్టు ఏమైందంటవా?
దళసరి కాయితం, పారేయబుద్ధి కాలే.
స్లాటు కొలతకు నమూనాలు కత్తిరించిన.
'డిప్యూ' ఒక ముక్కల పోయింది, 'క్టర్' ఇంకో ముక్కల.
వెనక రాసింది ఎట్లాగూ నోటికొచ్చు.

నిన్న పర్వతగిరి నుంచి ఐదు హార్స్‌పవర్ మోటారొచ్చింది.
కాయిలుకు నలభై రెండు చుట్లు.
ముప్పై ఏడు కాడ ఉన్నప్పుడు
గడపల నిలబడి ఎవరో అడిగిండ్రు,
"ఇంత సదివి ఇదేందమ్మా?"

లెక్క తప్పింది.
తీగ మొత్తం విప్పిన.
ఒకటి.