బోటుకి ఇరవై దిమ్మలు

అంతర్వేది రేవులో ఐసు కొట్టే సంగాడి ఏడుకొండలు
పేరులో తప్ప కొండనెరగడు.
బోటుకి ఇరవై దిమ్మలు,
ఊక దులిపి, అప్పు రాసి.

"మన గోదారికి మంచుతో చుట్టరికం లేదు మేస్టారూ,
వానకి పుట్టిన పిల్ల" అనేవాడు.
ఔనన్నాను. పాఠంలోనూ అదే ఉంది.

మొన్న టీవీలో
హిమాలయాల్లో ఎక్కడో సరస్సు గట్టు తెగి
వంతెన అగ్గిపుల్లలా పోయింది.
సుత్తి పక్కన పెట్టి అడిగాడు:
"కరిగిందంతా ఎక్కడికెల్తాదండీ?"

పాతికేళ్ళుగా భూగోళం చెబుతున్నాను.
చెయ్యి మాత్రం ఎత్తగలిగాను, సముద్రం వైపు.

అటు చూళ్ళేదతను.
వెనక వాళ్ళ కొబ్బరిచెట్లు మొవ్వు వాల్చి నిలబడ్డాయి.
బోరు కొట్టి, దోసిట పట్టి, పుక్కిలించి ఉమ్మేశాడు.

"అందుకేనేమో,
ఈ ఏడు దిమ్మ
నడిమధ్యన గడ్డకట్టట్లేదు."