తర్వాత గుర్తుచేయి

నాంపల్లి రిజిస్ట్రేషన్ ఆఫీసు సందుల
మూడో షట్టరు నాది.
అఫిడవిట్ టైపింగ్, పేజీకి ముప్పై.
జిరాక్స్ రెండు.
లామినేషన్ అడిగితేనే.

పొద్దున షట్టరెత్తి
ఊదుబత్తి ముట్టించి స్విచ్ వేస్తనా,
నాకంటే ముందే బోణీ చేస్తది కంప్యూటర్.
ఎక్కడిదో సముద్రం చూపిస్తది,
సముద్రం అంచుకు ఒక మాట వేలాడదీస్తది:
ఈ చోటు మీకు నచ్చిందా?
స్టార్ట్ నొక్కితే
నేను పెట్టుకోని పేకాట,
నేను అడగని సినిమాల దుకాణం.
నా అఫిడవిట్ల ఫోల్డరు వాటెన్క
రేషన్ లైన్ల ముసలమ్మ లెక్క నిలబడి ఉంటది.

దొంగ సరుకు కాదు.
బిల్లున్నది, జీఎస్టీతో సహా.
అసలుదే కావాలని పట్టుబట్టి
చిట్టీ ఎత్తిన పైసలతోని కొన్న.

మా ఓనరు ప్రహరీ మీద
కోచింగ్ సెంటరోళ్లు పేరు రాసుకున్నరు.
ఏడాదికి నాలుగు వేలు,
పైంగ సున్నం ఉత్తగ.
గోడకు కిరాయున్నది.
నా తెరకు?

సీటీసీల సాజిద్ నవ్విండు.
"సెట్టింగ్స్‌ల పద్నాలుగు బటన్లున్నయి అక్కా,
అన్నీ బంద్ చేసిన.
అప్‌డేట్ వచ్చేదాంక మంచిగుంటది."
మంగళారం రాత్రి అప్‌డేట్ వచ్చింది.
బుధారం పొద్దున సముద్రం మళ్లొచ్చింది.

ప్రకటననన్న ఓర్సుకుంట గని
దాని కింది రెండు బటన్లను ఓర్వలేను.
ఒకటి: సరే.
ఇంకొకటి: తర్వాత గుర్తుచేయి.
ఎన్ని భాషలొచ్చో దీనికి,
‘వద్దు’ అనే మాట ఒక్క దాంట్ల రాదు.
అప్పులోడు గూడ గట్టిగ లేదంటే
ఒక నెల ఆగుతడు.

మొన్న అనంతయ్య తాత వచ్చిండు.
ఆర్టీసీల ముప్పై ఒక్కేండ్లు కండక్టరు.
ఇంటామె పోయింది, వారసుల కాయితం కావాలె.
స్టూలు నా పక్కకు జరుపుకొని
నేను కొట్టే ఒక్కో అక్షరాన్ని
చిల్లర లెక్కపెట్టినట్టు చూస్తున్నడు.
"కీర్తిశేషురాలు నాంచారమ్మ, వయసు అరవై ఎనిమిది"
అని కొట్టిననో లేదో
కుడి మూలకెల్లి జారుకుంట వచ్చిందొక డబ్బా:
మీ జ్ఞాపకాలు ప్రమాదంలో ఉన్నాయి.
నెలకు నూట ముప్పై రూపాయలతో భద్రం చేసుకోండి.

అద్దాలు తీసి, అంగీకి తుడిచి,
మళ్ల పెట్టుకొని చదివిండు.
"దీనికెట్ల తెల్సు బిడ్డా?"
దీనికేం తెల్వది తాతా, అందరికీ ఇదే చెప్తది.
"అందరికీనా," అన్నడు.
ఆ గొంతుల రవ్వంత నిరాశ గూడ ఉండె.

ప్రింటర్ వేడెక్కేదాంక ఊకున్నడు.
"మా బస్సుకూ ఉండేటివి ప్రకటనలు.
సబ్బులు, బనీన్లు, కండ్ల దవాఖానా.
ఒంటి నిండ పూసుకొని తిరిగేది.
గని ఎన్నడూ లోపటికెక్కి
కూసున్న మనిషిని జరుగుమనలే."

బాండ్ పేపర్ బయటికొచ్చింది.
ఎడమ పక్క మార్జిన్ తెల్లగ ఉన్నది,
ఎవరూ అమ్ముకోని అంగుళంనర.
ఆయన బొటనవేలుతోని దాన్ని తడిమిండు, ఎందుకో.
ముప్పైకి ఇరవయ్యే తీసుకున్న, ఎందుకో.

పొద్దుమీకి
ఏ ఫోర్ కాయితం ముక్క కత్తిరించి
స్కెచ్ పెన్నుతోని రాసిన,
గోడల మీద రాస్తరు గద, అట్లనే:
ఇక్కడ ప్రకటనలు అంటించరాదు.
తెర కుడి మూలకు టేపేసి అంటించిన.

ఇప్పుడు టైం కనబడదు, తేదీ కనబడదు.
తేదీకి గోడ మీది క్యాలెండర్ చూస్తున్న.
దాని మీద నగల దుకాణమాయన నవ్వుతుంటడు,
నవ్వనీ,
క్యాలెండర్ ఉత్తగనే ఇచ్చిండు.

అప్పుడప్పుడు కాయితం వెనక
ఏదో వెలుగుతది, ఆరుతది.
చదవను.
టైపు ఆపకుండనే చెప్త దానికి:
తర్వాత గుర్తుచేయి.