బూటు లేసు

నర్సాపురం రేవులో పంటెక్కాను,
మోటారుసైకిళ్ల మధ్య, రొయ్యల ఐసు పెట్టెల మధ్య,
చేతిసంచిలో సగం అల్లిన లేసు బల్లగుడ్డతో.
అవతల సఖినేటిపల్లిలో ఒకాయన ఉన్నాడన్నారు,
యుద్ధం బొమ్మలు వేస్తాడట,
మా నాన్నతో ఒకే రైల్లో వెళ్లి
తిరుగు రైల్లో ఒక్కడే వచ్చాడట.

కొప్పనాతి వీర్రాఘవులు.
పడవలకి తారు పూసే పాకలో ఒక మూల ఆయన కొట్టు.
పొద్దుట పడవల మీద పేర్లు రాస్తాడు,
మధ్యాహ్నం తడిక దగ్గరగా వేసుకుని
అట్టల మీద యుద్ధం.

"బొమ్మలు గీయడం ఫిరంగి దళంలోనే నేర్పారమ్మా.
కనపడిందల్లా గీసి పక్కన దూరం రాయాలి.
గుబురు చెట్టు, ఎడం పక్కకి రెండు వేళ్లు, తొమ్మిదొందల గజాలు.
గీసిన చెట్టు మర్నాటికి ఉండేది కాదు.
అలాగ చాలా చెట్లు గీశాను."

ఇప్పటికీ చెయ్యి బారుగా చాచి
వేళ్లతో కొలుస్తాడు.
ఏటి అవతల మా చర్చి శిలువ, సగం వేలు.
పాక ముందు తొక్కుడుబిళ్ల ఆడుతున్న మనవరాలు, నాలుగు వేళ్లు.
కొలిచి, ఉలిక్కిపడి
చేతిని లుంగీ మడతలో దాచుకుంటాడు.

అట్టల్లో తుపాకీ కోసం వెతికాను, లేదు.
ఎర్ర రంగు సీసా మూతే తీసినట్టు లేదు.
తీగ మీద ఆరేసిన తడి మేజోళ్లు.
బూట్ల లేసులు వదులు చేసుకుని
వరసగా పడి నిద్రపోతున్న అయిదుగురు.
ఉల్లిపాయ తరుగుతూ ఏడుస్తున్న వంటవాడు,
"ఉల్లిపాయకి కాదులే" అన్నాడు, అంతే.
ఆపైన అన్నీ నీళ్లే,
కొబ్బరిచెట్లు, కాలవ గట్టు, బోర్లించిన నావ.
చూసినోళ్లంతా
"ఇది మన రాజోలు కాలవ కదండీ" అంటారట.
"ఆయ్" అంటాడట.

"తూర్పు బెంగాలమ్మా అది.
దాని ఒండ్రూ మన ఒండ్రూ
చేతిలోకి తీసుకుంటే ఒకటే జిగురు.
నాలుగు రోజులు రైల్లో పోయి
మనూరి మీదే గురి పెట్టినట్టుండేది."
ఆ బురద రంగు కోసం
ఏరు పాటు తీశాక వశిష్ఠ గట్టున
కొబ్బరిచిప్పతో ఎత్తుకొస్తాడు,
తుమ్మబంక కలిపి వడగడతాడు.
దుకాణాల్లో ఆ రంగు అమ్మరట.

గుబ్బల ఏసుపాదం కూతుర్నండీ, అన్నాను.
నాన్న పోయిన రెండో నెలలో పుట్టాను.

కుంచె కడిగాడు. కడిగిందే కడిగాడు.
రేకు పెట్టె అడుగునుంచి ఒక కాయితం తీశాడు,
మడతల దగ్గర చిరిగిన పెన్సిలు గీత.
గడ్డిమేటుకి ఆనుకుని ఒకతను,
ముఖం మీదకి టోపీ, గడ్డం అచ్చం నాదే.
"అలిసిపోయి పడుకున్నాడు, గీసుకున్నాను."

అమ్మకి రాసిన ఉత్తరంలోనూ ఈయనదే ఆ మాట:
నిద్రలోనే పోయాడని.
ఆ మాట తలకింద పెట్టుకుని
అమ్మ ముప్ఫయ్యేళ్లు పడుకుంది.

తొమ్మిదో ఏట క్రోషే సూది పట్టినదాన్ని,
నా చూపు ముఖాల మీద నిలవదు,
దారం మీదకి జారుతుంది.
నాన్న బూట్లు చూశాను.
ప్రతి కంతలోనూ లేసు బిగలాగి ఉంది,
పైన జంట ముడి.
పేషెంటుకి కట్టు కట్టినంత శ్రద్ధ.

ఏమీ అడగలేదు నేను.
ముడి మీద నా వేలు ఆగడం ఆయన చూశాడు.

"ఒక బూటు ఊడి బురదలో దిగిపోయిందమ్మా.
చెయ్యి పెట్టి వెతికాను.
కడిగి తొడిగాను. నేనే కట్టాను.
కట్టాకే గీశాను."

రబ్బరు ముక్క తీసి చేతిలో తిప్పాడు.
"వదులు చెయ్యమంటావా?"
వద్దన్నాను.
టీ తెప్పించాడు, చల్లారిపోయింది.

తిరిగి పంటు మీద, సంచిలో
బల్లగుడ్డ మడతల మధ్య ఆ కాయితం.
గట్టు మీద నిలబడి
ఆయన నావైపు చెయ్యి బారుగా చాచాడు.
ఎన్ని వేళ్లకి వచ్చానో మరి.
ఈసారి దించలేదు,
పంటు మా రేవు తాకేదాకా.