తడి కట్టెల లెక్క

వాల్దివియాలో వాన కురవదు,
కాపురముంటుంది.
ఏప్రిల్లో దిగితే సెప్టెంబరు దాకా
ఇల్లు ఖాళీ చెయ్యదు.

ఆ ఊళ్లో కట్టెపొయ్యిల గురించి రాసే మనిషి
ఎవరిస్తో ఒయార్సున్.
ఓడల బాయిలర్ల దగ్గర ముప్పై ఒక్కేళ్లు పనిచేసి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చాడు.
ఇప్పుడు వంటగది బల్లమీద పాత లాప్‌టాప్,
అందులో ఆయన వెబ్‌సైటు,
అందులో పద్నాలుగు పొయ్యిలు,
పొయ్యి పొయ్యికీ కింద ఒక లింకు.

లింకు నొక్కి ఎవరైనా కొంటే
కొట్టువాడు వందకి నాలుగు ఇస్తాడు.
అదీ ఒక్క రోజులోపు కొంటేనే.
ఇంట్లో అడిగి కొందామని ఆగినవాడి నాలుగూ
గాలికి పోయినట్టే.

మొదటి చలికాలం మొత్తానికి వచ్చినవి
పదకొండు వేల పెసోలు.
"మూడు బస్తాల కట్టెలు" అంది మిరేయా
కెటిల్ పక్కకి జరుపుతూ,
నవ్వకుండా.

సాంతియాగో నుంచి మేనల్లుడు ఫోన్లో:
"అన్నీ అద్భుతమని రాయి మామా.
ఎక్కువ కమీషనిచ్చేదాన్ని పైకెక్కించు.
బటన్ ఎర్రగా, పెద్దగా."
చేశాడు.
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం,
అద్భుతం, అద్భుతం.
పద్నాలుగోది రాసేసరికి
తన గొంతు తనకే
సంతలో మైకులా వినిపించింది.

ఆ నెల ఇంకా తక్కువొచ్చింది.
దాంతోపాటు ఒక ఉత్తరం:
"అయ్యా, మీ మాట మీద కొన్నాను.
ఇల్లంతా పొగ. పాపకి దగ్గు.
సోమవారం తిరిగి పంపేస్తున్నాను.
ఎర్మిందా, పయ్యాకో."

పొయ్యి వెనక్కి పోతే కమీషనూ పోతుంది.
దానికోసం కాదు కానీ
(కొంచెం దానికోసమే)
ఆదివారం బస్సెక్కాడు.
"టిక్కెట్టు డబ్బులు కూడా రావు" అని
మిరేయా గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

పొయ్యిలో ఏ తప్పూ లేదు.
పక్కన పేర్చిన ఉల్మో కట్టెల్లోంచి
రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు.
మోగలేదు.
దుప్పటి మీద గుద్దినట్టు చప్పుడు.
"అమ్మా, మీరు నీళ్లు తగలబెడుతున్నారు."

ఆ రాత్రి
అద్భుతాలన్నీ కొట్టేశాడు.
పైన రాశాడు:
"పొయ్యి కొనేముందు ఆగండి.
కట్టెలో తేమ ఇరవై శాతం దాటితే
ఏ పొయ్యీ మిమ్మల్ని కాపాడదు.
తేమ కొలిచే మీటరు ఇదిగో.
కొంటే నాకు నాలుగొందల ఎనభై పెసోలొస్తాయి.
కొనకపోయినా సరే, రెండు కట్టెలు కొట్టి చూడండి.
ఎండింది మోగుతుంది."

తర్వాత లింకులన్నీ తనే నొక్కి చూసుకున్నాడు.
ఆరు కొట్లు ఎప్పుడో మూతబడ్డాయి.
"ఇన్నాళ్లూ జనాన్ని చెయ్యిపట్టి తీసుకెళ్లి
గోడకి గుద్దిస్తున్నానన్నమాట."
తెల్లారేదాకా సరిచేస్తూ కూర్చున్నాడు,
బయట వాన ఇంకా ఏదో చెప్తూనే ఉంది.

జులై నెలాఖరుకి రెండొందల పన్నెండు మీటర్లు.
పొయ్యిలు నాలుగే.
అందులో ఒకటి ఎర్మిందా చెల్లెలిది.
మేనల్లుడు మళ్లీ ఫోన్ చేసి
ఎర్ర బటన్ ఏమైందన్నాడు.
ఆ చెవి వినపడదన్నాడు ఈయన.

"ఇప్పుడెన్ని బస్తాలు?" అంది మిరేయా.
కట్టెల లారీ వాకిట్లో ఆగి ఉంది.
ఒయార్సున్ జవాబు చెప్పలేదు.
పైనుంచి రెండు కట్టెలు లాగి,
తలవంచి, కుడిచెవి దగ్గర పెట్టుకుని
కొట్టాడు.
లారీవాడు ఇంజనాపి
చూస్తున్నాడు.