నూటపదహారు దగ్గర

కొండపి దాటాక, బ్యారన్ పక్క గది.
పొగాకు చెక్కుల మీద లాప్‌టాప్.
కిటికీలోంచి సుబాబుల్ కట్టె పొగ.
నేను కట్టిన కిటికీ తెర మీద ఇంకొకటుంది,
దాంట్లోకి పొగ రాదు,
మొదట్లో బొమ్మ కూడా లేదు.
ఉత్త అంకెలు:
తొంభై ఆరు. తొంభై ఆరు. తొంభై ఏడు.
నిమిషానికొకటి చీమల బారులా
పైకి పాకి కనపడకుండా పోయేవి.

మాలకొండయ్య తొంగిచూశాడు.
"ఇది చిట్టా గదమ్మే.
ఎక్కుతుందా దిగుతుందా, అది చెప్పు."

ముప్పయ్యేళ్ళుగా ఆయన పని ఇదే.
గోడలో అద్దం బిళ్ళకు టార్చి ఆనించి
పాదరసం ఎక్కడుందో చూడటం,
ఆకు పసుపు తిరిగిందో లేదో
చీకట్లో ముక్కుతో చెప్పటం.

ఆ రాత్రి గీత గీశాను.
అడ్డంగా గంటలు, నిలువుగా వేడి.
గీత వచ్చింది. కిటికీ బిగుసుకుపోయింది.
కొలిచే పనీ గీసే పనీ
ఒక్క చేతికే అప్పజెప్పాను మరి,
పొయ్యిలో కట్టె తోసేవాణ్ణే
పైకెక్కి కర్రలు దించమన్నట్టు.
తెల్లారిందాకా చిక్కు తీశాను.
ఇప్పుడొక దారం కొలుస్తుంది, ఒక దారం గీస్తుంది,
ఒకదాని కాలికి ఒకటి అడ్డం పడవు.

రెండో తప్పు అంతకన్నా సొగసైంది.
నిలువు కొలతను దాని ఇష్టానికొదిలేశాను.
అర డిగ్రీ జారితే చాలు
తెరంతా పరుచుకుని
చీమకుర్తి క్వారీలో రాయి దొర్లినట్టు పడేది గీత.
ఆసామి చూశాడు. లుంగీ ఎగ్గట్టి ఉరికాడు.
మాలకొండయ్య వద్దంటున్నా
మోపులకు మోపులు తోయించాడు.
ఆరు కర్రల ఆకు కమిలిపోయింది.
గీత చెప్పింది నిజమే.
గొంతు చించుకుని చెప్పింది.

మర్నాడు మేకులు కొట్టాను:
అడుగున ఎనభై, పైన నూట డెబ్భై.
అర డిగ్రీ అర డిగ్రీలాగే ఉంది ఇప్పుడు,
చూడ్డానికి బాగోదు.

అప్పుడిచ్చాను ఆయన చేతికి మౌసు.
కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
బాణం గీత మీద ఆగితే
పసుపు చీటీ లేస్తుంది:
రెండో రాత్రి, రెండూ నలభై, నూటపదహారు.
నవ్వాడు. "చదివింపులు రాస్తుందే ఇది!"
చక్రం తిప్పితే గంట విచ్చుకుని నిమిషాలైంది.
లాగితే నిన్న వచ్చింది,
ఇంకా లాగితే మొన్న.

మూడో రాత్రి దగ్గర ఒక గుంట.
నూట ఇరవై ఎనిమిది నుంచి నూట ఇరవై ఒకటి.
నలభై నిమిషాలు.
నేనేం అడగలా.
"ఇక్కడ నేను నిద్రపోలా," అన్నాడు.
"పొయ్యి వెనక పిల్లి ఈనింది.
మంట లాగేసి, గంప తెచ్చి,
నాలుగింటినీ తీసిందాకా ఆ మాత్రం పట్టింది."

వేల చుక్కలున్న గీత అది.
నలభై చుక్కలు ఒక పిల్లివి,
దానికి తెలీదు.
మధ్యాన్నం కూర్చుని ఇంకొంత రాశాను:
చుక్కను నొక్కితే ఖాళీ చీటీ,
తోచింది రాసుకోవచ్చు.
ఆయన చెప్పాడు, నేను కొట్టాను:
పిల్లి. నాలుగు.

అయిదో రోజు తెర నూట యాభై ఎనిమిదంది.
ఆయన దాన్ని చూళ్ళేదు.
తలుపు ఓరగా తీసి ఒకాకు లాగి
ఈనెను చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు.
టక్.
పొయ్యి ఆపమని చెయ్యూపాడు.
ఆ టక్ ఏ గీత మీద పెట్టాలో
నాకింకా దొరకలేదు.

సాయంత్రం ఆసామి వచ్చి కూర్చున్నాడు.
ఎక్కడ దిగిందో ఎందుకు దిగిందో
వేలు ఆనించి మరీ వెతికాడు,
తెర మీద జిడ్డు చార మిగిలింది.
గుంట దగ్గర బాణం ఆగింది. చీటీ లేచింది.
కళ్ళద్దాలు పైకి తోసి రెండుసార్లు చదివాడు.
కట్టె ఖరీదు లెక్కేస్తాడనుకున్నాను.

"ఇప్పుడెక్కడున్నయ్యి?" అన్నాడు.